బోర్డు మీద ఏ సంవత్సరం రాయించాలి? (మా ఊరి లైబ్రరీ ఎప్పుడు పుట్టింది)

మన్నేరు_గట్టు
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కందుకూరు నుంచి పామూరు వెళ్ళే దారిలో ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది. మా పదో తరగతి బ్యాచ్ వాళ్ళం తలా కొంత వేసుకుని మా ఊరి లైబ్రరీకి సున్నం వేయిస్తున్నాం. గోడలు అయిపోయాయి. ఇక బోర్డు మిగిలింది.

పాత రేకు బోర్డు మీద 'శాఖా గ్రంథాలయం' అని ఉంది. కింద 'స్థాపితం' అని ఉంది. ఆ పక్కన ఉండాల్సిన అంకెల్లో మొదటి రెండు, అంటే 19, కనబడుతున్నాయి. మిగతా రెండూ తుప్పులో కలిసిపోయాయి. పెయింటర్ శుక్రవారం వస్తానన్నాడు.

ఊళ్ళో అడిగితే తలా ఒక మాట. మా తాతగారు "స్వరాజ్యం రాకముందే ఉండాది" అంటారు. టీ కొట్టు ఆయన "ఊరికి కరెంటు వచ్చిన ఏడాది" అంటాడు. లైబ్రేరియన్ గారిని అడిగితే "నేను డ్యూటీలో చేరేసరికే ఉంది సార్" అన్నారు. అది మాత్రం నిజం.

పుస్తకాలు ఎక్కించే పాత రిజిస్టర్లు చూద్దామంటే మొదటి సంపుటం లేదు. ఏళ్ళ కిందట ఒకసారి సున్నం వేసినప్పుడు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశారట. ఎవరు వేశారో నాకు తెలుసు, ఇక్కడ పేరు వద్దు. ఊరి పేరు చెప్పనిదీ అందుకే. ఇంకెక్కడ వెతకాలో కాస్త చెప్పండి.


కనిగిరి_కొండ
సోమవారం, రాత్రి 9:41

ముందు గోడకున్న శిలాఫలకం చూడు తమ్ముడూ. ప్రారంభించిన మంత్రిగారి పేరుతో తేదీ ఉంటుంది. అయిపాయె.


మన్నేరు_గట్టు
సోమవారం, రాత్రి 9:48

ఉందన్నా. దాని మీదే టైల్స్ వేశారు.


పెన్నా_ఇసుక
సోమవారం, రాత్రి 10:05

శిలాఫలకం దొరికినా అది భవనానిదే కదా. లైబ్రరీ వేరు, భవనం వేరు. మా నెల్లూరు టౌన్ హాల్లో వర్ధమాన సమాజం లైబ్రరీ ఉంది, చిన్నప్పుడు నాన్నగారితో వెళ్ళేవాణ్ణి. దాని వయసు తెలియాలంటే సమాజం కాగితాలు చూడాలి కానీ టౌన్ హాలు గోడ మీద అంకె చూస్తే ఎలా? మీ ఊళ్ళో కూడా ముందు ఎవరి అరుగు మీదో, గుళ్ళోనో నాలుగు పుస్తకాలతో మొదలై ఉంటుంది. తర్వాత ఎప్పటికో గవర్నమెంటు భవనం.


గ్రూప్స్_బ్యాచ్
సోమవారం, రాత్రి 10:30

1914 అని రాసేయండి బ్రో. ఆంధ్రాలో గ్రంథాలయోద్యమం మొదలైంది ఆ ఏడాదే. ఏప్రిల్ 10, బెజవాడ రామమోహన గ్రంథాలయంలో మొదటి సభ, అయ్యంకి వెంకటరమణయ్య గారు. మొన్నే చదివా, బిట్ కూడా వస్తుంది.


పాత_కాగితం
సోమవారం, రాత్రి 11:02

బాబూ, ఆ రోజు బెజవాడలో పుట్టింది ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. అంతకుముందే అక్కడక్కడా లైబ్రరీలున్నాయి కాబట్టే వాటన్నిటినీ ఒక తాటి మీదకి తేవాలనుకున్నారు. ఉద్యమం పుట్టిన తేదీ ప్రతి ఊరి లైబ్రరీకీ పుట్టినరోజు అవదు. పరీక్షకు చదువుకో, మంచిదే. బోర్డు మీదకి మాత్రం వద్దు.

మన్నేరు గారూ, నేను గ్రంథాలయ శాఖలోనే పనిచేసి రిటైరయ్యాను. మొదటి రిజిస్టర్ పోయినా దిగులు లేదు. పుస్తకాలే సాక్ష్యం చెబుతాయి. రేపు తీరిగ్గా రాస్తాను, ఇప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి.


చీరాల_మగ్గం
మంగళవారం, ఉదయం 7:15

లైబ్రరీ చరిత్ర అంటే మా వేటపాలెం సంగతి రాకపోతే ఎట్లా? సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉంది, వెళ్ళిన వాళ్ళకి చూపిస్తారు. పాత పత్రికల సంపుటాల కోసం విదేశాల నుంచి కూడా పరిశోధకులు వస్తుంటారు. ఇంకెక్కడా దొరకని సంచికలు అక్కడున్నాయి. మా మేనమామ నేతపని చేసేవాడు. సాయంత్రం మగ్గం దిగి, చేతులు కడుక్కుని, నేరుగా అక్కడికే పోయేవాడు.

(ఇప్పుడు మాది ప్రకాశం కాదు, బాపట్ల జిల్లా. అయినా అలవాటు పోలేదు, ఈ గుంపులోనే ఉంటాను. పంపించేయకండి.)


కనిగిరి_కొండ
మంగళవారం, ఉదయం 7:32

ఉండన్నా, ఎవరు పంపిస్తారు. కందుకూరోళ్ళే ఏ జిల్లానో తెలియక తిరుగుతున్నారు.


పాత_కాగితం
మంగళవారం, ఉదయం 11:20

అబ్బాయి సరదాకి అన్నా అసలు తాళంచెవి అదే. కందుకూరు జిల్లాలు మారినంతగా లైబ్రరీ ముద్రలూ మారాయి. వరసగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మనది ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం. అక్కడ 1948లో పబ్లిక్ లైబ్రరీల చట్టం చేశారు, 1950లో అమల్లోకి వచ్చింది. దాని వెనక గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కృషి ఉంది. ఆ చట్టం కింద జిల్లాకొక 'లోకల్ లైబ్రరీ అథారిటీ' ఏర్పడింది. కాబట్టి ఏ పుస్తకం మీదైనా 'లోకల్ లైబ్రరీ అథారిటీ, నెల్లూరు' అని ముద్ర ఉంటే అది 1950 తర్వాతిది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినా ఇక్కడ ఆ చట్టమే నడిచింది.

తర్వాత 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. అప్పటి నుంచి పేరు 'జిల్లా గ్రంథాలయ సంస్థ'. ముద్రలో ఆ పేరు ఉండి జిల్లా నెల్లూరు అని ఉంటే 1960కీ 1970కీ మధ్యది.

1970లో నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు తాలూకాలు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో ప్రకాశం అని పేరు మార్చారు. ఆ మధ్య రెండేళ్ళలో చేయించిన రబ్బరు స్టాంపు మీద 'ఒంగోలు జిల్లా' అని ఉంటే అది మీ అదృష్టం, అంత ఇరుకు తేదీ ఇంకెక్కడా దొరకదు. కానీ ఒక మాట. కొత్త స్టాంపు వచ్చిందాకా పాతదే కొట్టడం మన ఆఫీసుల్లో ఉన్నదే. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అనుకోండి.

ముద్ర చదవడానికి రాకపోతే వెల చూడండి. రిజిస్టర్లో వెల గడి ఉంటుంది. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. దానికి ముందు రూపాయలు, అణాలు, పైలు మూడు అంకెల్లో రాసేవారు. 1-8-0 అంటే రూపాయిన్నర. తర్వాత నయా పైసలు. 1964 నుంచి 'నయా' పోయి ఉత్త పైసలే. రాసిన గుమాస్తా తేదీ మరిచిపోయినా డబ్బు లెక్క మరిచిపోడు.

'రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్' ముద్ర ఉన్నవి పక్కన పెట్టేయండి. ఆ సంస్థే 1972లో పుట్టింది, మీకు పనికిరావు.

రెండో రిజిస్టర్ ఉందా? ఉంటే అది ఏ నంబరుతో మొదలయిందో చూడండి. అంతకుముందు నంబర్లన్నీ పోయిన మొదటి సంపుటంలోవే. అది లేకపోయినా అందులో ఎన్ని పుస్తకాలు ఎక్కాయో తెలిసిపోతుంది.


సులోచనాలు
మంగళవారం, మధ్యాహ్నం 2:45

పాత కాగితం గారూ, ఎంత వివరంగా చెప్పారండీ. నాదొక చిన్న సంగతి, తేదీకి పనికిరాదు.

మాది పొదిలి వైపు పల్లె. మా అమ్మ ఎనిమిదో తరగతితో ఆపేసింది. కానీ ఆవిడ చదవని సీరియల్ నవల లేదు. లైబ్రరీ గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. అక్కడ బల్లల దగ్గర అందరూ మగవాళ్ళే, పేపర్లు పట్టుకుని. మా మామయ్య వెళ్ళి తెచ్చేవాడు. ఆయనకేమో చదివే అలవాటే లేదు. అమ్మ చీటీ రాసి ఇస్తే ఆ చీటీ చూపించి తెచ్చేవాడు, మళ్ళీ గడువులోపల ఇచ్చి వచ్చేవాడు. ఎప్పుడైనా చీటీ పోగొట్టుకుంటే ఏదో ఒకటి తెచ్చి తిట్లు తినేవాడు. ఒకసారి కోళ్ళ పెంపకం పుస్తకం తెచ్చాడు. అమ్మ అదీ చదివింది.

ఆ ఊరి ఇష్యూ రిజిస్టర్ ఇప్పటికీ ఉంటే అందులో మా మామయ్య పెద్ద చదువరి. మా అమ్మ పేరు ఎక్కడా ఉండదు.


రీడింగ్_రూం_బల్ల
మంగళవారం, సాయంత్రం 6:10

ఆంటీ, నేను ఇప్పుడు కందుకూరులో డీఎస్సీకి చదువుతున్నా. రోజూ లైబ్రరీకే పోతా. ఆడపిల్లలమే ఎక్కువ. ఫ్యాన్ కింద బల్ల కోసం పొద్దున్నే వెళ్ళి బ్యాగ్ పెట్టాలి, లేకపోతే టెన్షన్. నిజం చెప్పాలంటే మేం అక్కడి పుస్తకాలు తీసేది తక్కువ, మా మెటీరియల్ మేమే తీసుకెళ్తాం. బీరువాల్లో నవలలు అట్టనే ఉంటాయి.


సులోచనాలు
మంగళవారం, సాయంత్రం 6:22

బల్ల దొరికిందిగా తల్లీ. పరీక్ష అయ్యాక బీరువా తెరువు.


పెన్నా_ఇసుక
మంగళవారం, రాత్రి 8:50

ఒక సందేహం. లైబ్రరీలకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మా ఇంటి పన్ను రసీదులో 'లైబ్రరీ సెస్సు' అని వేస్తారు. అది ఇదేనా?


పాత_కాగితం
మంగళవారం, రాత్రి 9:15

అదే. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. మీ పన్ను 1,500 అయితే దాని మీద 120 లైబ్రరీది. పంచాయతీ గానీ మునిసిపాలిటీ గానీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ కట్టాలి. వసూలు బాగానే అవుతుంది. జమ కట్టడం దగ్గరే కథంతా. నా సర్వీసులో సగం ఆ ఉత్తరాలు రాయడానికే సరిపోయింది. 'పై విషయమై తమకు ఇదివరకే వ్రాసియున్నాము' అని మొదలుపెట్టిన ఉత్తరాలు ఎన్నో లెక్కలేదు.


కనిగిరి_కొండ
మంగళవారం, రాత్రి 9:31

అంటే మనం పుస్తకం తీసినా తీయకపోయినా డబ్బు కడుతున్నట్టే. రేపటి నుంచి పోయి కనీసం పేపరన్నా చదవాలి, వసూలు చేసుకోవాలి.


మన్నేరు_గట్టు
బుధవారం, రాత్రి 10:40

ఈ రోజు సెలవు పెట్టి మొత్తం బీరువాలు తీశాను. లైబ్రేరియన్ గారు మంచివాళ్ళు, తాళాలు చేతికిచ్చి "మీరే చూసుకోండి, ధూళి నాకు పడదు" అన్నారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని కూర్చున్నా. చెద ఒక్క బీరువాకే పట్టింది, దేవుడి దయ.

దొరికినవి చెబుతాను.

రెండో రిజిస్టర్ ఉంది. మొదటి పేజీ మొదటి వరస నంబరు రెండు వేల పైచిలుకు. అంటే పోయిన సంపుటంలో రెండు వేల పుస్తకాలు ఎక్కాయి. ఇక వెల గడి చూసి కుర్చీలోంచి లేచాను. మొదటి కొన్ని పేజీలు అణాల్లో ఉన్నాయి! 2-4-0, 0-12-0 అట్టా. ఆ తర్వాత ఒక పేజీ మధ్యలో గుమాస్తా గీత గీసి, అక్కడి నుంచి న.పై. అని రాశాడు. అంటే 1957 ఏప్రిల్ నాటికే మా లైబ్రరీలో రెండు వేలకి పైగా పుస్తకాలున్నాయి.

టీ కొట్టు ఆయన కరెంటు లెక్క పోయింది. మాకు కరెంటు ఆ తర్వాతే వచ్చింది, మా తాతగారు ఆ మాట గట్టిగా చెబుతారు.

ముద్రలు: 'లోకల్ లైబ్రరీ అథారిటీ, నెల్లూరు' ఇంగ్లీషులో, నీలం సిరా, చాలా పుస్తకాల మీద ఉంది. 'ఒంగోలు జిల్లా' ఒక్కటంటే ఒక్కటి దొరికింది! ఆరోగ్యం పుస్తకం లోపలి అట్ట మీద. పాత కాగితం గారూ, అది మీకోసమే ఫోటో తీశాను.

అన్నిటికంటే వింత ఇది. అడుగు అరలో అట్టలు ఊడిన పుస్తకాలు కొన్ని దారంతో కట్టి ఉన్నాయి. వాటి మీద గుండ్రటి ఊదా ముద్ర ఉంది. చుట్టూ ఉన్న అక్షరాలు అలుక్కుపోయాయి. మధ్యలో '...పఠన మందిరము' అన్నది మాత్రం చదవొచ్చు. ఆ ముద్ర మీదే లోకల్ లైబ్రరీ అథారిటీ ముద్ర మళ్ళీ కొట్టారు. అంటే పఠన మందిరానిది ముందు, అథారిటీది తర్వాత. అవునా?


పాత_కాగితం
బుధవారం, రాత్రి 11:05

అవును. సందేహం లేదు. ఊళ్ళో వాళ్ళు సొంతంగా పెట్టుకున్న పఠన మందిరాన్ని అథారిటీ తన కిందకి తీసుకుంది. అలా కలిసినవి చాలా ఉన్నాయి. పుస్తకాలు, బీరువా, ఒక్కోసారి గుమాస్తా కూడా వచ్చి చేరేవాడు. మీ తాతగారి మాట కొట్టిపారేయకండి.

ఫోటోకి సంతోషం. ఆ స్టాంపు నేను సర్వీసులో రెండు మూడు సార్లే చూశాను.

బోర్డు విషయానికి వస్తే నా ఉద్దేశం చెబుతాను. 'శాఖా గ్రంథాలయం' అని రాస్తున్నారు కాబట్టి అథారిటీ తీసుకున్న సంవత్సరమే రాయాలి. పఠన మందిరం వేరే సంస్థ. ఆఫీసు పద్ధతి అదే.


చీరాల_మగ్గం
గురువారం, ఉదయం 6:50

నేను ఒప్పుకోను సార్, మన్నించాలి. మా వేటపాలెంలో భవనానికి గాంధీ గారు రాయి వేసింది 1929లో. అయినా మేం 1918 నుంచే లెక్క కడతాం. నలుగురు కుర్రాళ్ళు కూడి పుస్తకాలు పోగేసిన రోజే లైబ్రరీ పుట్టినట్టు. గవర్నమెంటు వచ్చి ముద్ర కొట్టడం బారసాల లాంటిది. బారసాల నాటి నుంచి పిల్లాడి వయసు లెక్క పెడతామా?


పాత_కాగితం
గురువారం, ఉదయం 9:10

పోలిక బాగుంది, ఒప్పుకుంటాను. కానీ సారస్వత నికేతనం సంగతి వేరు. మొదటి నుంచీ ఆ సంస్థే తన కాళ్ళ మీద తాను నడిచింది. ఇక్కడ ఒక సంస్థ పోయి ఇంకో సంస్థ వచ్చింది.


సులోచనాలు
గురువారం, ఉదయం 9:40

పుస్తకాలు అవే కదండీ. చదివినవాళ్ళూ అదే ఊరివాళ్ళు.


పాత_కాగితం
గురువారం, ఉదయం 9:52

అమ్మా, మీరు అలా అంటే నేనేం చెప్పను. రాసుకోండి, పఠన మందిరం నుంచే. కానీ ఏ సంవత్సరం అని రాస్తారు? దానికి కాగితం ఏదీ?


పెన్నా_ఇసుక
గురువారం, ఉదయం 10:15

కాగితం ఉండే చోట్లు రెండు తోస్తున్నాయి. మా నెల్లూరు 'జమీన్ రైతు' పత్రిక 1930 నుంచీ వస్తోంది. పల్లెల్లో సభలు, సంగతులు వేసేవారు. పఠన మందిరం ప్రారంభం అంటే నాలుగు వరసల వార్తయినా పడి ఉండొచ్చు. రెండోది, అథారిటీ తీసుకున్న ఉత్తర్వు. అది 1953 అక్టోబరుకి ముందైతే మద్రాసు ప్రభుత్వానిది, అప్పుడు చెన్నై ఎగ్మూరులో ఉన్న ఆర్కైవ్స్‌లో వెతకాలి. తర్వాతిదైతే ఆంధ్ర రాష్ట్రం కాగితం. అది కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్ళి, అక్కడి నుంచి ఎన్ని మూటలు మారిందో.


కనిగిరి_కొండ
గురువారం, ఉదయం 10:31

మనోళ్ళు కంటాసుపత్రికనీ గుండాసుపత్రికనీ వారానికొకరు చెన్నై పోతూనే ఉంటారు. ఒకసారి ఎగ్మూరులో దిగి చూసి రండి.


పెన్నా_ఇసుక
గురువారం, ఉదయం 10:44

అది బస్టాండులో టైం టేబుల్ చూసినట్టు కాదు కొండన్నా. ముందుగా అనుమతి తీసుకోవాలి, ఏ శాఖ, ఏ ఏడాది ఫైలు కావాలో చెప్పాలి. నాకు వచ్చే నెల చెన్నైలో పని ఉంది. మన్నేరు గారూ, ఊరి పేరు నాకు విడిగా పంపండి. వెతుకుతాను.


మన్నేరు_గట్టు
గురువారం, రాత్రి 9:20

పంపాను సార్. చాలా చాలా థాంక్స్.

ఈ సాయంత్రం తాతగారి దగ్గర కూర్చుని ఊదా ముద్ర ఫోటో చూపించాను. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఇది మన రచ్చబండ పక్క పెంకుటిల్లుది. లాంతరు పెట్టి పేపరు ఒకరు పెద్దగా చదివితే మిగతావాళ్ళం వినేవాళ్ళం. నేను నిక్కర్లు వేసుకునేవాణ్ణి" అన్నారు. ఏ ఏడాది తాతా అంటే, "నిక్కర్ల ఏడాది" అన్నారు. అంతకుమించి రాలేదు. ఆయన పుట్టిన తేదీ కూడా స్కూల్లో అయ్యవారు వేసిందే, కాబట్టి దాన్నుంచి లెక్క కట్టినా లాభం లేదు.

చదువు రానివాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళట. ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. అక్కడ సెల్ షాపు ఉంది.


రీడింగ్_రూం_బల్ల
గురువారం, రాత్రి 9:45

రేపు పెయింటర్ వస్తాడుగా, మరి ఏం రాయిస్తున్నారు అన్నా?


మన్నేరు_గట్టు
శుక్రవారం, సాయంత్రం 7:30

వచ్చాడు, రాశాడు, వెళ్ళాడు. చెబుతాను.

ముందు జిల్లా పేరు దగ్గర ఆగాం. 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఆ తర్వాత తిరిగి ఒంగోలు వైపు కలిపే మాటా వచ్చింది. పైగా పెయింటర్ అక్షరానికింత అని లెక్క. 'శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా' అని కాగితం మీద రాసిస్తే ఆయన ముఖం వెలిగింది, మా కోశాధికారి ముఖం మాడింది. చివరికి జిల్లా వద్దు, ఊరి పేరు చాలు అనుకున్నాం.

తర్వాత సంవత్సరం. 'స్థాపితం: 1957కు ముందు' అని రాయమన్నాను. పెయింటర్ కుంచె పక్కన పెట్టి, "ముందు అంటే ఎట్టా సార్, ఏ బోర్డు మీదన్నా అట్టా ఉండాదా? అంకె చెప్పండి, వేస్తా" అన్నాడు. లైబ్రేరియన్ గారు కూడా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి అన్నారు.

అందుకని 'స్థాపితం 19' దాకా రాయించి ఆపాం. మిగతా రెండు అంకెల చోటు పెన్సిల్‌తో గీతలు గీసి వదిలాడు. ఆ రెండింటికీ డబ్బు ముందే తీసుకున్నాడు, ఎప్పుడు పిలిచినా వచ్చి వేస్తానన్నాడు. పఠన మందిరం పుస్తకాల కట్ట విప్పి, కొత్త దారంతో కట్టి, పై అరలో పెట్టాం. రెండో రిజిస్టర్‌కి అట్ట వేయించి ఫోన్లో పేజీ పేజీ ఫోటో తీస్తున్నాను, సగం అయింది.

డబ్బాలో కొంచెం ఎర్ర రంగు మిగిలింది. మూత గట్టిగా బిగించి లైబ్రేరియన్ గారి బల్ల కింద పెట్టించాను. పెన్నా ఇసుక సార్, చెన్నై ఎప్పుడు వెళ్తున్నారు?